ఏ తీరానికి వెళ్లాలి?

మీ ప్రశ్నకు జవాబు

ప్రశ్న: గౌరవనీయులైన మౌలానా సాహెబ్ గారికి, అస్సలాము అలైకుమ్ వరహ్మతుల్లాహి వబరకాతుహు. మాది గుంటూరు జిల్లా. ఈ పత్రిక మా ఇంటికి నా చిన్ననాటి నుండి వస్తోంది. ఇప్పుడు అమ్మీ ప్రతి నెలా పుటలను ఫోటో తీసి నాకు పంపుతుంది. నేను ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో చదువుకుంటున్నాను. ఇక్కడ డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి వేసవి నెలలు, కళాశాలకు సెలవులు. ఆరు వారాల పాటు కారులో దేశమంతా చుట్టి, దారిలో విండ్‌సర్ఫింగ్ చేయాలని మేము ముగ్గురు మిత్రులం అనుకున్నాము. ఒకనికి అయిదేళ్ల అనుభవం ఉంది. రెండవవాడు నిరుడు నేర్చుకున్నాడు. నేను నాలుగుసార్లు మాత్రమే పలక ఎక్కాను. మొదటివాడు పశ్చిమ తీరంలోని లాన్సెలిన్‌కు, ఇంకా పైనున్న నరలూకు వెళ్దామంటున్నాడు. నీరు వెచ్చగా ఉంటుందని రెండవవాడు క్వీన్స్‌లాండ్ ఉత్తర తీరానికి వెళ్దామంటున్నాడు. నాకు ఈత అంతంత మాత్రమే; ఈ సంగతి వాళ్లకు చెప్పలేదు. అబ్బాజాన్ ఈ ఆటే వద్దంటున్నారు. ఇది ధర్మసమ్మతమేనా? ఎక్కడికి వెళ్లడం మంచిది? నమాజుల సంగతి ఏమిటి? దయచేసి తెలుపగలరు.
– ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: వ అలైకుముస్సలామ్ వరహ్మతుల్లాహి వబరకాతుహు.

బాబూ, నీవు మూడు ప్రశ్నలు అడిగావు. కాని నీ ఉత్తరంలో అన్నిటికంటె ముఖ్యమైన వాక్యం ప్రశ్న రూపంలో లేదు. ఈత అంతగా రాదని, ఆ సంగతి మిత్రులకు చెప్పలేదని రాశావు. తీరం ఎంపిక అక్కడి నుండే మొదలు కావాలి. ఆ దేశపు గాలులను గురించి, తీరాలను గురించి అక్కడ స్థిరపడిన మన వారిని అడిగి తెలుసుకుని, వాటిని ధర్మం వెలుగులో చూసి ఈ జవాబు రాస్తున్నాను.

ముందుగా, ఈ ఆటను ఎన్నడూ చూడని మన పాఠకుల కోసం నాలుగు మాటలు. ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవైన పలక, దానిపై ఒక స్తంభం, ఆ స్తంభానికి ఒక తెరచాప. స్తంభం పలకకు గట్టిగా బిగించి ఉండదు. అన్ని దిక్కులకూ ఒరిగే కీలుతో అమర్చి ఉంటుంది. ఆటగాడు పలకపై నిలబడి, తెరచాపకు అడ్డంగా ఉండే కడ్డీని రెండు చేతులతో పట్టుకుంటాడు. చుక్కాని ఉండదు. తెరచాపను ముందుకో వెనుకకో వంచి దిశ మార్చుకోవాలి. అమెరికాకు చెందిన జిమ్ డ్రేక్, హోయల్ ష్వైట్జర్ అనే ఇద్దరు 1968లో దీనికి పేటెంటు కోరారు. 1984 నుండి ఒలింపిక్ క్రీడలలో దీనికి చోటు దక్కింది. పడవ నడిపేవాని నేర్పు, గుర్రపు రౌతు నిలకడ రెండూ దీనికి కావాలి.

ధర్మసమ్మతమేనా?

శరీరానికి బలాన్ని, మనసుకు ధైర్యాన్ని ఇచ్చే ఆటలను ఇస్లాం వారించలేదు. బలవంతుడైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కంటె అల్లాహ్‌కు ప్రీతిపాత్రుడని, ఇద్దరిలోనూ మేలు ఉందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చారు. విలువిద్య, గుర్రపు స్వారీలతో పాటు ఈతను కూడా వ్యర్థకాలక్షేపం కాని వాటిలో లెక్కించిన హదీసు ఉంది. కాబట్టి విండ్‌సర్ఫింగ్ తనంతట తాను నిషిద్ధం కాదు. జూదం, పందెం, నమాజు విడిచిపెట్టడం, దేహాన్ని ప్రదర్శించడం, ప్రాణాన్ని నిర్లక్ష్యం చేయడం – వీటిలో ఏది చేరినా అప్పుడు ఆట స్వభావం మారిపోతుంది.

నీ విషయంలో చివరిదాని గురించే నా దిగులు. సముద్రం అలజడిగా ఉన్నప్పుడు అందులోకి వెళ్లేవానిపై రక్షణ బాధ్యత తొలగిపోతుందని హదీసు గ్రంథాలలో ఉంది. సముద్రం శాంతంగా ఉందా, అలజడిగా ఉందా అన్నది అందరికీ ఒకే కొలత కాదు. అయిదేళ్ల అనుభవం గల నీ మిత్రునికి ఉల్లాసమైన గాలి నీకు తుఫాను. దీని వెనుక ఒక లెక్క ఉంది. గాలి వేగం రెట్టింపైతే తెరచాపపై దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. సముద్రంపై గాలిని నాట్లలో కొలుస్తారు. ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు. కొత్తగా నేర్చుకునేవారికి 10 నాట్ల లోపు గాలి అనుకూలం. 20 నాట్ల గాలి, అనగా గంటకు 37 కిలోమీటర్లు, దానికంటె నాలుగు రెట్ల బలంతో తెరచాపను లాగుతుంది. నరలూ వెళ్దామన్న మిత్రుడు అడిగేది ఆ గాలినే.

ఉత్తరం ఎందుకు వద్దు?

దేశమంతా చుట్టాలన్న మీ ఆలోచనను మొదటే విరమించుకోండి. ఆస్ట్రేలియా వైశాల్యంలో మన దేశానికి రెండింతలకు మించినది. ఆరు వారాలలో చుట్టబోతే మీకు మిగిలేది రహదారే, సముద్రం కాదు. అదీగాక, ఆ దేశంలో వేసవి అన్న మాటకు దక్షిణాన ఒక అర్థం, ఉత్తరాన మరొక అర్థం. దక్షిణాన పొడిగా ఉండే ఆ నెలలలోనే ఉత్తరాన వర్షరుతువు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు అక్కడ తుఫానుల కాలం. డార్విన్, కెయిర్న్స్, టౌన్స్‌విల్ తీరాలలో ఆ నెలలలోనే బాక్స్ జెల్లీఫిష్, ఇరుకాంజీ అనే విషపు జెల్లీ చేపలు ఉంటాయి; వాటి కాటు ప్రాణాంతకం కావచ్చు. ఉత్తరాది నదీముఖాలలో, తీరాలలో ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి. వెచ్చని నీరు కోరుకున్న మీ రెండవ మిత్రుడు ఈ సంగతులను లెక్కలోకి తీసుకోలేదనిపిస్తోంది. ఆ తీరాన ఆగ్నేయపు గాలి నిలకడగా వీచేది అక్కడి చలికాలంలో; ఆ కాలంలో వెళ్లడం వేరే విషయం.

ఈ ఉత్తర తీరపు గాలులను మనకంటె ఎంతో ముందు చదివిన ముస్లిములు ఉన్నారు. నేటి ఇండోనేషియాలోని మకస్సర్ రేవు నుండి సముద్రపు దోసకాయలనబడే జీవులను సేకరించడానికి నావికులు శతాబ్దాల కిందటే ఉత్తర ఆస్ట్రేలియాకు వచ్చేవారు. డిసెంబరులో వాయవ్యపు గాలితో తెరచాప ఎత్తి బయలుదేరేవారు. ఆగ్నేయపు గాలి మొదలయ్యాక తిరుగుముఖం పట్టేవారు. గాలి తీసుకువెళ్లేదాకా నెలల తరబడి ఆ తీరాననే వేచి ఉండేవారు. అక్కడి ఆదివాసులతో వ్యాపారం చేశారు, స్నేహం చేశారు. ప్రభుత్వ నిబంధనల వల్ల 1907 నాటికి ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఆంగ్లంలోని మాన్‌సూన్ అన్న మాటకు మూలం అరబ్బీలోని మౌసిమ్. మన ఇళ్లలో మౌసమ్ అనే మాట అదే. గాలికి ఒక కాలం ఉందని, ఆ కాలాన్ని గౌరవించినవాడే క్షేమంగా ఇల్లు చేరతాడని ఆ మాటే చెబుతోంది.

తూర్పు, దక్షిణ తీరాలు

తూర్పున సిడ్నీ పరిసరాలలో వేసవి మధ్యాహ్నాలు ఈశాన్యపు గాలి వీస్తుంది. బోటనీ బే వంటి చోట్ల, ఖాడీ లోపల, నీరు కొంత నెమ్మదిగా ఉంటుంది. అయితే ఆ తీరానికి ఒక గుణం ఉంది. వేడిగా ఉన్న రోజున ఉన్నట్టుండి దక్షిణం నుండి చల్లని పెనుగాలి విరుచుకుపడుతుంది. నిమిషాలలో గాలి దిక్కు మారిపోతుంది, ఉష్ణోగ్రత చటుక్కున పడిపోతుంది. వాతావరణ శాఖ హెచ్చరికలు చూడకుండా అక్కడ నీటిలోకి దిగరాదు.

మీరున్న మెల్‌బోర్న్‌కు ఆనుకునే పోర్ట్ ఫిలిప్ బే ఉంది. సన్నని ముఖద్వారం గల విశాలమైన ఖాడీ అది. మహాసముద్రపు పెద్ద అలలు అందులోకి అంతగా రావు. ఎల్‌వుడ్, సాండ్రింగ్‌హామ్ వంటి చోట్ల ఈ ఆట ఆడేవారు చాలామంది. దక్షిణపు గాలి వీస్తే అది ఒడ్డు వైపుకు నెడుతుంది. కాని ఎండ మండిపోయే రోజుల్లో లోతట్టు నుండి ఉత్తరపు వడగాలి వస్తుంది. ఆ తరువాత ఒక్కసారిగా నైరుతి నుండి చల్లగాలి తిరుగుతుంది. ఉత్తరపు గాలి నగరపు ఒడ్డు నుండి నీటి లోపలికి తోస్తుంది. ఒడ్డు దగ్గర నీరు అద్దంలా కనిపించి నమ్మిస్తుంది. వందగజాలు లోపలికి వెళ్లాక తిరిగి రావడం కష్టమవుతుంది.

ఈ మాటను గట్టిగా గుర్తుపెట్టుకో: ఒడ్డు నుండి సముద్రం వైపు వీచే గాలిలో, అది ఎంత నెమ్మదిగా ఉన్నా, నేర్చుకునేవాడు దిగరాదు. ఒడ్డుకు ఏటవాలుగానో, ఒడ్డు వెంబడిగానో వీచే గాలి మంచిది. తీరం ఎంపికలో ఊరి పేరు కంటె ఈ ప్రశ్న ముందు రావాలి.

పశ్చిమ తీరం

ఈ ఆటకు వేసవిలో పశ్చిమ తీరం ప్రసిద్ధి చెందినది. మీ మొదటి మిత్రుని మాటలో అంతవరకు నిజం ఉంది. పగటి ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేలపై గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది చల్లని గాలి వచ్చి చేరుతుంది. నెల్లూరు, ఒంగోలు, మచిలీపట్నం వాసులకు మధ్యాహ్నం తిరిగే ఈ సముద్రపు గాలి సుపరిచితమే. పెర్త్ నగరంలో ఇది నైరుతి నుండి వస్తుంది. ఎండకు సొమ్మసిల్లిన ఊరికి ఉపశమనం ఇస్తుందని, ఫ్రీమాంటిల్ రేవు వైపు నుండి వస్తుందని దానికి ఫ్రీమాంటిల్ వైద్యుడని పేరు పెట్టుకున్నారు. వేసవిలో చాలా మధ్యాహ్నాలు 15 నుండి 20 నాట్ల వేగంతో వీస్తుంది.

అయితే ఆ తీరంలోనే అంతస్తులు ఉన్నాయి. పెర్త్‌కు ఉత్తరాన సుమారు 130 కిలోమీటర్ల దూరంలో లాన్సెలిన్ ఉంది. అక్కడ రాతి దిబ్బలు అడ్డుగా ఉండడం వల్ల లోపలి ఖాడీ నెమ్మదిగా ఉంటుంది. దిబ్బల అవతల అలలు పెద్దవి. ఇంకా పైకి జెరాల్డ్‌టన్, దాని సమీపాన కరోనేషన్ బీచ్. అక్కడ గాలి మరింత బలమైనది. పెర్త్‌కు దక్షిణాన ఉన్న మార్గరెట్ రివర్‌లో మహాసముద్రపు అలలు నేరుగా వచ్చి విరుగుతాయి. నరలూ జనావాసాలకు ఎంతో దూరంలో, పగడపు దిబ్బల మీద అలలు విరిగే చోటు. సహాయం త్వరగా అందదు. వీటిలో చివరి రెండూ నీకు తగవు, మీ రెండవ మిత్రునికీ తగవు.

నీకు తగినవి రెండు ఉన్నాయి. మొదటిది పెర్త్ నగరం మధ్య ప్రవహించే స్వాన్ నది. అక్కడి పెలికన్ పాయింట్ దగ్గర నీరు లోతు తక్కువ. రెండవది పెర్త్‌కు దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, రాకింగ్‌హామ్ పక్కన ఉన్న సేఫ్టీ బే. అక్కడ అల తక్కువ. పడితే చాలాచోట్ల కాళ్లు నేలకు ఆనుతాయి. అనుభవం గల మిత్రునికి కూడా అక్కడ కావలసినంత గాలి ఉంటుంది. ఒక్క జాగ్రత్త: వేసవిలో పెర్త్ తీరాన ఉదయం పూట తూర్పు గాలి గట్టిగా వీస్తుంది. అది ఒడ్డు నుండి సముద్రంలోకి తోసే గాలి. ఉదయం గాలి ఉంది కదా అని సముద్రంలో దిగవద్దు. మధ్యాహ్నపు గాలి కూడా గట్టిపడక ముందే, మొదటి గంటలోనే నీవు ఆడి ఒడ్డుకు చేరడం మంచిది.

బలహీనుడే కొలత

ముగ్గురు ప్రయాణం చేస్తుంటే తమలో ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. మీ ముగ్గురిలో అమీరు ఎవరు? ఇంతవరకు ఎన్నుకోకపోతే ఇప్పుడే ఎన్నుకోండి. అతడు ఆటలో మేటి కానక్కరలేదు. వద్దు అన్నప్పుడు మిగతా ఇద్దరూ వినగలిగినవాడై ఉండాలి.

ఆ అమీరు దేనిని చూసి నిర్ణయం తీసుకోవాలి? హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)ను తన జాతికి ఇమాముగా నియమించినప్పుడు, వారిలో అందరికంటె బలహీనుడైన వానిని దృష్టిలో ఉంచుకుని నమాజు చేయించమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. హజ్రత్ ముఆజ్ (రజి) నమాజును సుదీర్ఘంగా చేయించినప్పుడు వారించారు. వెనుక నిలిచినవారిలో ముసలివారు, బలహీనులు, పని ఉన్నవారు ఉంటారని గుర్తు చేశారు. సాక్షాత్తు నమాజులోనే బలహీనుని కొలతగా పెట్టిన ధర్మం, ఆటలో బలవంతుని కొలతగా పెడుతుందా?

సముద్రం విషయంలో మన పెద్దలు ఎంత జాగ్రత్త వహించారో చూడు. సముద్రం మీద దండయాత్రకు హజ్రత్ ముఆవియా (రజి) అనుమతి కోరితే హజ్రత్ ఉమర్ (రజి) ఇవ్వలేదని చరిత్రకారులు రాశారు. అలల మధ్య ప్రజల ప్రాణాలకు తాను జవాబుదారీ కావలసి ఉంటుందని ఆయన భయపడ్డారు. తరువాత హజ్రత్ ఉస్మాన్ (రజి) అనుమతించారు; కాని ఎవరినీ బలవంతపెట్టరాదని, ఇష్టపడి వచ్చినవారినే తీసుకువెళ్లాలని షరతు విధించారు. సైప్రస్ ద్వీపానికి సాగిన ఆ యాత్రలో హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) అనే సహాబియా కూడా స్వయంగా కోరుకుని వెళ్లారు. ఆమె సమాధి నేటికీ ఆ ద్వీపంలోనే ఉంది. ధర్మకార్యానికే ఇష్టం షరతు అయితే, వినోదానికి బలవంతం ఎక్కడిది?

బలవంతం అంటే చేయి పట్టి లాగడం మాత్రమే కాదు. నవ్వుతారేమోనన్న సంకోచం కూడా ఒక బలవంతమే. నీ మిత్రులు నిన్ను నరలూకు లాక్కువెళ్లడం లేదు. నీ మౌనమే నిన్ను తీసుకువెళుతోంది. వారికి తెలియని సంగతికి వారు బాధ్యులు కారు. రేపు నీటిలో ఏదైనా జరిగితే, తమకు చెప్పి ఉంటే ఈ తీరానికి వచ్చేవాళ్లమే కాదన్న బాధ వారిని జీవితమంతా వెంటాడుతుంది. మిత్రునికి నిజం చెప్పడం అతని హక్కు. కాబట్టి ఈ జవాబు చదివిన రోజే వారిద్దరికీ నీ ఈత సంగతి చెప్పు.

ఆరు వారాల పథకం

నా సలహా ఇది. మొదటి రెండు వారాలు మెల్‌బోర్న్‌లోనే గడపండి. ఉదయం ఈత కొలనులో శిక్షకుని దగ్గర నేర్చుకో. గాలి తక్కువగా ఉన్న సాయంత్రాలు పోర్ట్ ఫిలిప్ బే లోతులేని చోట సాధన చెయ్యి. లోతైన నీటిలో కనీసం పది నిమిషాలు అలసిపోకుండా తేలగలిగే వరకు పశ్చిమ ప్రయాణం వద్దు.

ఆ తరువాత ఒక వారం ప్రయాణానికి. మెల్‌బోర్న్ నుండి పెర్త్‌కు రోడ్డు మార్గం దాదాపు 3,400 కిలోమీటర్లు. నల్లబోర్ మైదానంలో ఒక చోట 146 కిలోమీటర్లకు పైగా ఒక్క మలుపైనా లేని రోడ్డు ఉంది, నిద్ర ముంచుకువస్తుంది. చక్రం వంతులవారీగా పట్టుకోండి. సంధ్యవేళ కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి, కనుక మగ్రిబ్‌కు ముందే బస చూసుకోండి. హలాల్ ఆహారం, తాగునీరు వెంట ఉంచుకోండి. దారిలో అడిలైడ్ నగరంలో 1888–89లో కట్టిన మస్జిద్ ఉంది. ఒంటెలతో ఎడారులు దాటించిన అఫ్ఘాన్ కష్టజీవులు తమ సంపాదనలోంచి కట్టుకున్నది. ఒక పూట అక్కడ ఆగి రెండు రకాతులు చదవండి. వారి కోసం దుఆ చేయండి.

తరువాత రెండు వారాలు పెర్త్, సేఫ్టీ బే పరిసరాలలో. ఆ రోజులలో ఒకటి రెండు రోజులు లాన్సెలిన్‌కు వెళ్లండి. అనుభవం గల మిత్రుడు అలలలో ఆడుకోవచ్చు, మీరిద్దరూ లోపలి ఖాడీలోనో ఒడ్డునో ఉండండి. చివరి వారం తిరుగు ప్రయాణానికి.

నీటిలో దిగే ప్రతిసారీ తేలియాడే జాకెట్ ధరించు. ఒంటరిగా దిగవద్దు, ఒకడు ఎప్పుడూ ఒడ్డున ఉండి చూస్తూ ఉండాలి. ఎరుపు, పసుపు జెండాల నడుమ భాగం ఈతగాళ్లది. అక్కడ పలకతో వెళ్లి వారికి హాని తలపెట్టవద్దు. సొర చేపల గురించి ప్రభుత్వం ఇచ్చే హెచ్చరికలు చూసి దిగండి. అలసిపోతే పలకను వదలి ఈదబోవద్దు. పలక తేలుతుంది, దాన్ని అంటిపెట్టుకుని ఉండాలి. రెండు చేతులూ పక్కలకు చాచి మెల్లగా పైకీ కిందికీ ఆడించడం ఆపదకు అంతర్జాతీయ సంకేతం. ఆ దేశంలో అత్యవసర ఫోన్ సంఖ్య 000. తాడు కట్టి తవక్కుల్ చేయమని ఒంటె విషయంలో దైవప్రవక్త (స) నేర్పిన పాఠానికి సముద్రం మీద ఇవే తాళ్లు.

నమాజు, సత్ర్

ఈ ఆటకు మంచి గాలి వచ్చేదీ, అసర్ నమాజు సమయమూ పశ్చిమ తీరంలో ఒకదానిపై ఒకటి పడతాయి. అసలు పరీక్ష ఇక్కడ ఉంది. జనవరి మధ్యలో పెర్త్‌లో సూర్యుడు మధ్యాహ్నం 12.26 ప్రాంతంలో నడినెత్తి దాటుతాడు. హనఫీ లెక్క ప్రకారం అసర్ సాయంత్రం 5.20 ప్రాంతంలో మొదలవుతుంది, సూర్యాస్తమయం 7.25 ప్రాంతంలో. జుహర్ చదివి నీటిలోకి దిగండి. అయిదు గంటలకు ఒడ్డుకు చేరండి. నాలుగు గంటల సేపు ఆడినా నమాజుకు భంగం రాదు. గాలి ఇంకా బాగుందన్న ఒక్క మాటతో అసర్‌ను సూర్యుడు పసుపుబారే దాకా లాగడం మాత్రం ఈ యాత్ర మొత్తాన్నీ నష్టపు బేరంగా మార్చుతుంది.

మీరు ముసాఫిర్లు కనుక నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చదువుతారు. పెర్త్ ఒక్కచోటే 15 రోజులు గాని అంతకు మించి గాని నిలవాలని సంకల్పిస్తే, హనఫీ మస్లక్‌లో పూర్తి నమాజు చదవాలి. ఇతర మస్లక్‌లవారు తమ ఆలిములను అడిగి తెలుసుకోవాలి. జుమా రోజున వీలైతే పెర్త్‌లోని పాత మస్జిద్‌కు వెళ్లండి. 1905–06 ప్రాంతంలో కట్టినది. వుజూకు మంచినీరు లేదని బాధపడవద్దు. సముద్రయానం చేసే ఒక వ్యక్తి అడిగిన ప్రశ్నకు జవాబుగా, సముద్రపు నీరు పరిశుద్ధమైనదని దైవప్రవక్త (స) తెలిపారు. మన విశాఖ, కాకినాడ తీరాలలో నమాజుకు నిలబడితే సముద్రం వీపు వెనుక ఉంటుంది. పెర్త్ తీరాన ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా, అనగా సముద్రం వైపే ఉంటుంది. కనుక రాకపోకలు లేని చోటు చూసుకుని, ముందు సుత్రా పెట్టుకుని నిలబడండి.

పురుషునికి నాభి నుండి మోకాళ్ల వరకు కప్పుకోవడం తప్పనిసరి. ఒంటికి అతుక్కునే ఈత దుస్తు మీద వదులైన నిక్కరు మోకాళ్ల కిందికి ధరించాలి. అక్కడి వేసవి ఎండ చర్మానికి చాలా హానికరం. పొడవు చేతుల చొక్కా, టోపీ ధరించమని 1981 నుండి ఆ దేశంలో ప్రచారం సాగుతోంది. కాబట్టి ఒళ్లు కప్పుకున్నవానిని అక్కడ ఎవరూ వింతగా చూడరు. కుటుంబాలతో అక్కడ ఉంటున్న మన సోదరీమణులకు కూడా ఒక మాట. లెబనాన్‌లో పుట్టి సిడ్నీలో స్థిరపడిన అహెదా జనెట్టి అనే ముస్లిం మహిళ 2004లో బుర్కినీ అనే ఈత దుస్తును రూపొందించారు. దాన్ని ధరించి మెక్కా లాలా అనే యువతి 2007లో సిడ్నీలోని క్రొనుల్లా తీరంలో ప్రాణరక్షక స్వచ్ఛంద సేవకురాలైంది. దుస్తు వదులుగా ఉండాలి, చోటు ఏకాంతంగా ఉండాలి అన్న షరతులను పాటిస్తూ ఆడపిల్లలకు ఈత నేర్పడం తల్లిదండ్రులు ఆలోచించవలసిన విషయం.

తండ్రిగారికి ఒక మాట

ఈ పత్రిక మీ ఇంటికి వస్తుంది కనుక మీ అబ్బాజాన్ కూడా దీన్ని చదువుతారు. జనాబ్, మీ భయం న్యాయమైనదే. చదువు కోసం పంపిన కొడుకు సముద్రంలో దిగుతానంటే ఏ తండ్రి మనసు నిలుస్తుంది? కాని ఉత్త నిషేధం వల్ల పిల్లలు మానరు, చెప్పడం మానుతారు. ఈ బాలుడు వద్దన్న తరువాత కూడా దాచకుండా అడిగాడు, పత్రికకు రాశాడు. ఆ నిజాయితీకి గౌరవం ఇవ్వండి. వద్దు అనే బదులు అతన్ని నాలుగు ప్రశ్నలు అడగండి: ఈత ఎంతవరకు వచ్చింది? గాలి ఏ దిక్కు నుండి వీస్తుంది? ఒడ్డున ఎవరుంటారు? అసర్ ఎక్కడ చదువుతావు? నాలుగింటికీ సూటిగా జవాబు వస్తే అనుమతించండి. ఒక్కదానికి తడబడినా ఈ ఏడు ఆపండి. బాబూ, అప్పుడు నీవు ఆగాలి. వినోదం కోసం చేసే ప్రయాణానికి తల్లిదండ్రుల మనసు కష్టపెట్టడం తగదు. వచ్చే ఏడు కూడా గాలి వీస్తుంది.

గాలి అల్లాహ్ ఆజ్ఞకు లోబడి నడుస్తుంది. ఆయన తలచుకుంటే గాలిని నిలిపివేస్తాడని, ఓడలు సముద్రపు వీపు మీద కదలక నిలిచిపోతాయని దివ్య ఖుర్ఆన్ మనకు గుర్తు చేస్తోంది. మీరు అంత దూరం వెళ్లాక నాలుగు రోజులు గాలి లేకపోవచ్చు. గాలిని తిట్టడం దైవప్రవక్త (స) వారించారు. అందులోని మేలును అర్థించమని, అందులోని కీడు నుండి శరణు కోరమని నేర్పారు. గాలి లేని రోజున పలక పక్కన పెట్టి ఈత సాధన చెయ్యి.

అల్లాహ్ మీ ముగ్గురినీ క్షేమంగా తీసుకువెళ్లి, క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక. ఒకరి బలహీనతను ఒకరు కాపాడుకునే స్నేహాన్ని మీకు ప్రసాదించుగాక. ఆమీన్.